రొయ్యల డబ్బుతో జీపు కొని మన్యం వెళ్లనా?

ప్రశ్న: మాది ఉండి దగ్గర పల్లె. వయసు 37. నాలుగెకరాల వనామీ రొయ్యల చెరువు, అందులో రెండెకరాలు కౌలు. ఈసారి పట్టుబడిలో (రొయ్యలు పట్టి అమ్మగా) పాత బాకీలన్నీ తీరాక 9 లక్షలు చేతికొచ్చాయి. ఎకరాకు మూడున్నర లక్షల దాకా పెట్టుబడి అవుతుంది. మేత కొంత అరువు మీద తెస్తాను. చాన్నాళ్లుగా ఒక కోరిక ఉంది. టెంటు, స్టవ్వు బండిలో వేసుకుని, ఒక్కడినే పది రోజులు మారేడుమిల్లి, గుడిస, చింతూరు, డొంకరాయి, సీలేరు, లంబసింగి మీదుగా అరకు దాకా వెళ్లాలని. ఢిల్లీ నుంచి ఐదేళ్ల డీజిల్ థార్ జీపు 8.5 లక్షలకు తెప్పిస్తానని ఒక మధ్యవర్తి అంటున్నాడు. ఉన్న డబ్బు పెట్టేయనా, లోను తీసుకోనా? బండి పైన బిగించే టెంటు కూడా చూస్తున్నాను. ఇంట్లో బొలెరో ఉంది కానీ పాతది.

జవాబు: ముందు ప్రయాణం మాట. తప్పకుండా వెళ్లి రండి. చలికాలంలో తెల్లమచ్చ రోగం భయానికి మీ వైపు చాలామంది చెరువులు ఎండబెట్టుకుంటారు. రాత్రిళ్లు ఏరియేటర్ల (నీళ్లలో గాలి కలిపే యంత్రాల) కాపలా లేకుండా పది రోజులు ఊరు వదలగలిగేది అప్పుడే. మన్యం అందంగా ఉండేదీ అప్పుడే. వద్దనడానికి నాకు కారణం కనిపించలేదు.

ఇక డబ్బు. మీరు ఆ 9 లక్షలను మిగులు అనుకుంటున్నట్టున్నారు. మీ లెక్క ప్రకారమే చూద్దాం. ఎకరాకు మూడున్నర లక్షల చొప్పున నాలుగెకరాలకు 14 లక్షలు కావాలి. అంటే వచ్చే పంటకు మీ దగ్గర ఉన్నది మిగులు కాదు, 5 లక్షల లోటు. థార్ కొంటే లోటు 13.5 లక్షలవుతుంది. దాన్ని పూడ్చేది ఎవరు? మేత కొట్టువాడే. అరువు మేత మీద వడ్డీ నూటికి రెండు రూపాయలు అనుకుంటే, 8.5 లక్షలకు నెలకు 17 వేలు. నాలుగు నెలల పంటకు 68 వేలు. వడ్డీ అని కాగితం మీద రాయకపోయినా బస్తా ధరలో వేసేస్తారు, ఆ సంగతి నాకంటే మీకే బాగా తెలుసు. రొక్కం పెట్టి కొన్నాను, బండి మీద అప్పు లేదు అని మీరు అనుకుంటారు. అప్పు మేత ఖాతాలో కూర్చుని ఉంటుంది.

2025 ఆగస్టులో మన సరుకు మీద అమెరికా సుంకం 50 శాతానికి చేరినప్పుడు కౌంటు (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయనే లెక్క) ధరలు ఎలా జారాయో చూశారు. అలాంటి పంటలో చేతిలో రొక్కం లేకపోతే, వ్యాపారి చెప్పిన ధరకు, వ్యాపారి చెప్పిన రోజున వల వేయాలి.

లోను తీసుకుంటే? పాత బండికి వడ్డీ ఎక్కువ. 13 శాతానికి దొరికిందనుకుంటే 8.5 లక్షలకు ఐదేళ్ల పాటు నెలకు సుమారు 19,300 కట్టాలి. మొత్తం మీద వడ్డీయే 3 లక్షలు దాటుతుంది. ఆదాయం ఏడాదికి రెండుసార్లు వచ్చేవాడికి ప్రతి నెలా ఐదో తారీకున వాయిదా అంటే టెన్షన్ తప్పదు.

ఢిల్లీ బండి చవగ్గా కనిపించడానికి కారణం ఉంది. అక్కడ పదేళ్లు దాటిన డీజిల్ బండ్లపై ఆంక్షల భయంతో ముందే వదిలించుకుంటారు. ఇక్కడికి తెచ్చాక మన రాష్ట్రంలో లైఫ్ ట్యాక్స్ కట్టాలి. అక్కడి రవాణా శాఖ నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) కావాలి. బండి మీద ఫైనాన్స్ ఉండి ఉంటే అది తీరినట్టు కాగితం కావాలి. మధ్యవర్తి చెప్పిన 8.5 లక్షల్లో ఇవేవీ ఉండవు.

అసలు మీ ఉత్తరంలో నాకు బాగా నచ్చిన మాట చివరిది. ఇంట్లో బొలెరో ఉంది! లారీలాగా ఛాసిస్ మీద కట్టిన, ఎత్తుగా ఉండే, వెనక చక్రాలతో నడిచే బండి. మారేడుమిల్లిలో ఏ మెకానిక్‌ను అడిగినా దాని సామాను గురించి చెబుతాడు. మీరు రాసిన దారిలో ఎక్కువ భాగం, గుంతలున్నా, తారు రోడ్డే. ఫోర్ బై ఫోర్ (నాలుగు చక్రాలకూ ఇంజిన్ బలం అందే బండి) నిజంగా కావలసింది గుడిస కొండ ఎక్కడానికి. దానికి కింద స్థానిక జీపు మాట్లాడుకోండి. మీ క్లచ్ మిగులుతుంది, అక్కడి కుర్రాడికి నాలుగు డబ్బులొస్తాయి. బొలెరోకి టైర్లు, బ్రేకులు, బ్యాటరీ, రేడియేటర్ గొట్టాలు చూపించి 40 వేలు పెట్టండి. ఎలాగూ పెట్టాల్సిన ఖర్చే అది.

ప్రయాణం ఖర్చు చూస్తే చిన్నదే. తిరుగుళ్లతో కలిపి 1,200 కిలోమీటర్లు, ఘాట్లలో లీటరుకు పది చొప్పున 120 లీటర్లు, లీటరు వంద అనుకుంటే 12 వేలు. తిండి, విడిది, జీపు అద్దె కలిపి రోజుకు 1,500 చొప్పున 15 వేలు. టెంటు, స్లీపింగ్ బ్యాగు, స్టవ్వు, నీళ్ల క్యాన్లు, లాగుడు తాడు, గాలి పంపు ఒకసారి కొనేవి, 30 వేలు. మొత్తం 57 వేలు. మళ్లీ ఏడాది వెళ్తే దాదాపు సగమే.

కానీ ఒంటరి ప్రయాణంలో పెద్ద ఖర్చు బండి నడిచిన రోజులది కాదు, ఆగిపోయిన రోజుది. కొన్నేళ్ల క్రితం సీలేరు దాటాక నా కారు క్లచ్ ప్లేటు పోయింది. ఫోనులో సిగ్నల్ లేదు, పక్కన మనిషి లేడు. ఒక లారీ డ్రైవరు లాక్కెళ్లాడు. రెండు రోజుల బస, సామాను, కూలి కలిపి 22 వేలయింది. అందులో ఒక్క రూపాయి కూడా ఫోనుతో కట్టలేకపోయాను. అందుకే 57 వేలు కాకుండా ఇంకో 50 వేలు విడిగా ఉంచండి. అందులో 15 వేలు చిన్న నోట్లుగా, రెండు చోట్ల దాచి తీసుకెళ్లండి. మిగతాది ఇంట్లోవాళ్లు వెంటనే పంపగలిగేలా ఉండాలి.

ఇన్సూరెన్స్ కాగితం తీసి మూడు సంగతులు చూడండి. బండి యజమానికి 15 లక్షల ప్రమాద బీమా ఉందా? అది తప్పనిసరి, అయినా చాలామంది బండ్లకు లేకుండా నడిచిపోతోంది. దారిలో ఆగితే లాక్కెళ్లే సౌకర్యం ఎన్ని కిలోమీటర్ల దాకా? మారేడుమిల్లి నుంచి రాజమండ్రికే 85 దాకా ఉంటుంది. మూడోది ఇంజిన్. వాగులో దిగి ఇంజిన్‌లోకి నీళ్లు పోతే మామూలు ఫుల్ ఇన్సూరెన్స్ పైసా ఇవ్వదు. దానికి విడిగా కవరు కావాలి, పాత బండికి ఇవ్వకపోవచ్చు. లేదంటే పాములేరు వాగులో బండి దించి ఫొటో తీసుకోవాలనే సరదా మానేయండి.

టర్మ్ పాలసీ (మనిషి పోతే ఇంటికి డబ్బొచ్చే జీవిత బీమా) గురించి మీరు ఒక్క ముక్కా రాయలేదు. కౌలు చెరువు, అరువు మేత ఉన్న ఇంటి యజమాని ఒక్కడే ఘాట్ ఎక్కుతున్నాడంటే నాకు ముందు గుర్తొచ్చేది అదే. మీ వయసులో కోటి రూపాయల పాలసీకి ఏడాదికి ఇరవై వేలకు కాస్త అటూ ఇటూ అవుతుంది, 2025 సెప్టెంబరు 22 నుంచి దాని మీద జీఎస్‌టీ కూడా లేదు. జీపు కంటే ముందు ఇది. ఎవరికి ఎంత ఇవ్వాలి, ఎవరి నుంచి ఎంత రావాలి అని ఒక కాగితం మీద రాసి ఇంట్లో ఇచ్చి వెళ్లండి. మేత కొట్టు లెక్క మీ తలలో తప్ప ఎక్కడా ఉండదని నా అనుమానం.

అడవిలో ఎక్కడపడితే అక్కడ టెంటు వేయకండి. పాపికొండలు జాతీయ ఉద్యానం. అనుమతి లేకుండా లోపలికి వెళ్లడం, నిప్పు పెట్టడం 1972 నాటి వన్యప్రాణి చట్టం కింద కేసు. అటవీ శాఖ విడిదిలోనో, గ్రామస్థులు చూపిన చోటో అడిగి, డబ్బిచ్చి పడుకోండి.

రెండు చలికాలాలు ఇలా తిరిగాక కూడా ఫోర్ బై ఫోర్ కావాలనిపిస్తే, అప్పుడు ప్రతి పట్టుబడిలోనూ, వచ్చే పంట పెట్టుబడి పక్కన పెట్టాక మిగిలిన దాంట్లో పదో వంతు వేరే ఖాతాలో వేయండి. నష్టపోయిన పంటకు ఏమీ వేయక్కర్లేదు. ఆ ఖాతా నిండిన రోజు మళ్లీ రాయండి, ఏ బండో చూద్దాం.

బండి పైన బిగించే టెంటు ఇప్పుడు వద్దు. నేల మీద వేసే మామూలు టెంటు కొని, బయలుదేరే ముందు మీ చెరువు గట్టున ఒక రాత్రి అందులో పడుకోండి. లంబసింగిలో చలి కంటే మంచు తడితోనే ఎక్కువ అవస్థ. గుడ్డ లోపలికి నీరు దిగుతుందో లేదో గట్టు మీదే తెలిసిపోతుంది, కొట్టువాడు మార్చి ఇచ్చే గడువు లోపలే.