చవక ఇయర్‌ఫోన్స్‌కి ఈక్వలైజర్ పెడితే నిజంగా తేడా తెలుస్తుందా?

తెలుస్తుంది. కాకపోతే అందరూ చేసే పని తలకిందులుగా చేయాలి. ఈక్వలైజర్‌లో బరువైన ధ్వని నుంచి సన్నటి ధ్వని దాకా ఒక్కోదానికి ఒక్కో స్లైడర్ ఉంటుంది. వాటిని పైకి తోయకూడదు, కిందికి దించాలి. ఈ సంగతి నాకు ఏ యూట్యూబ్ వీడియో చెప్పలేదు, మా తాత చెప్పాడు. ఆయనకి ఈక్వలైజర్ అంటే ఏమిటో ఇప్పటికీ తెలియదు.

పోయినేడాది వేసవిలో తాతకి కంటి శుక్లం ఆపరేషన్ అయితే, బొబ్బిలి నుంచి తీసుకొచ్చి విజయనగరంలో మా ఇంట్లో పెట్టుకున్నాం. కొన్నాళ్ళు టీవీ వద్దు, పేపర్ వద్దు అన్నారు. ఆయన రిటైరైన మాస్టారు, కుర్రతనంలో నాలుగైదేళ్ళు వీణ నేర్చుకున్న మనిషి. ఒకే పనస దుంగని తొలిచి ఏకాండి వీణ ఎలా చేస్తారో, మా ఊళ్ళో సంగీత కళాశాల 1919లో ఎలా మొదలైందో, ఘంటసాల అందులో ఎలా చదువుకున్నారో... అన్నం ముద్దకో ముక్క చొప్పున మాకు వడ్డిస్తూనే ఉంటాడు. అలాంటి మనిషి పొద్దుపోక మంచం మీద అటూ ఇటూ దొర్లుతుంటే చూడలేక, నా ఇయర్‌ఫోన్స్ ఆయన చెవుల్లో పెట్టి ఫోన్‌లో ఒక వీణ కచేరీ వేశాను.

ఆ ఇయర్‌ఫోన్స్ గంటస్తంభం దగ్గర 350 రూపాయలకి కొన్నవి. షాపు కుర్రాడు ఫుల్ వాల్యూమ్‌లో డీజే పాట పెట్టి "బేస్ చూడండన్నా, గుండె అదిరిపోద్ది" అన్నాడు. నిజంగానే అదిరింది, కొనేశాను.

తాత రెండు నిమిషాలు విన్నాడు. కంటికి కట్టు, నుదుట ముడుతలు.

"ఏటిరా గుంటా ఇది? మృదంగం ఆయన రవ్వ ఎక్కువ పూసీసినాడేటి?"

నాకు అర్థం కాలేదు. తర్వాత ఆయనే చెప్పాడు. మృదంగానికి ఎడమవైపు మూత మీద బొంబాయి రవ్వ తడిపి ముద్దగా అద్దుతారు. ఆ బరువుకే నాదం కిందికి దిగి గుమ్మని పలుకుతుంది. కచేరీకి ముందు చిటికెడు తీసి, చిటికెడు అద్ది సరిచూసుకుంటారు. ఎక్కువైతే గుమ్ము కాస్తా బొయ్‌మంటుంది. మా తాతకి వినిపిస్తున్నది అదే. వీణ ఎక్కడో వెనకగదిలో ఉంది, మృదంగం మాత్రం వచ్చి ఆయన ఒళ్ళో కూర్చుంది.

నాకు అప్పుడు వెలిగింది. ఫోన్‌లో పవర్‌యాంప్ వాళ్ళ ఈక్వలైజర్ యాప్ ఉంది. అందులో హెర్ట్జ్ అంకె చిన్నదైతే బరువైన ధ్వని, పెద్దదైతే సన్నటి ధ్వని. ఎంత పెంచామో, దించామో డెసిబెల్స్‌లో చూపిస్తుంది. తెరిచి 125 హెర్ట్జ్ స్లైడర్‌ని రెండు డెసిబెల్స్ దించాను.

"ఇంకా తియ్యి."

నాలుగు.

"ఆఁ. ఇప్పుడు మనిషి కనిపిస్తన్నాడు. వీణ మీద మాత్రం ఇంకా దుప్పటి ఉంది."

250 దగ్గర మూడు దించాను. దుప్పటి పోయింది. తీగ మీద వేలు పడ్డ చప్పుడు, మీటు తర్వాత గమకం సాగి సాగి అణిగిపోవడం, అన్నీ బయటికొచ్చాయి. ఆయన చూపుడు వేలు మంచం పట్టె మీద తాళం వేయడం మొదలెట్టింది. చెప్పొద్దూ, ఇన్నాళ్ళూ అవే ఇయర్‌ఫోన్స్‌లో నేను ఏం విన్నానా అని సిగ్గేసింది.

అక్కడ ఆపి ఉంటే బాగుండేది. నాకు ఆశ పుట్టి, ఇంకాస్త మెరుపు తెద్దామని 4000 హెర్ట్జ్‌ని ఆరు డెసిబెల్స్ పైకి తోశాను. "వీణ కాదురా, గిన్నెలు తోముతన్నారు" అన్నాడు. మీటు గట్టిగా పడ్డచోటల్లా పరపరమని పగులుతోంది కూడా. అది ఇయర్‌ఫోన్స్ తప్పు కాదు. రికార్డింగ్‌లో ధ్వని ముందే అంచుదాకా నిండి ఉంటుంది, దానిమీద ఇంకా పోస్తే ఒలికిపోతుంది. ఏ స్లైడర్ అయినా ఆరు పెంచారంటే, ధ్వని మొత్తాన్నీ ఒకేసారి పెంచి తగ్గించే ప్రీయాంప్ అనే స్లైడర్‌ని ఆరు తగ్గించాలి. చాలా ఫోన్లలో సొంతంగా వచ్చే ఈక్వలైజర్‌కి ఆ ప్రీయాంప్ బయటికి కనిపించదు. దించడమే మేలు అనేది అందుకే. దించితే పగిలేది ఏమీ ఉండదు, మొత్తం తగ్గినట్టుంటే వాల్యూమ్ ఒక గీత పెంచుకుంటే సరిపోతుంది.

చివరికి 4000ని సున్నాకి తెచ్చి, 2000ని రెండు పెంచి, ప్రీయాంప్ రెండు తగ్గించి వదిలేశాను. అయినా తాత తల ఒక పక్కకే వంచి వింటున్నాడు. అడిగితే "ఎడం చెవిలో రవ్వే లేదురా" అన్నాడు. తీసి చూస్తే ఎడమ రబ్బరు బుడిపె ఆయన చెవికి వదులు! ఇన్-ఇయర్ రకానికి చెవి గట్టిగా మూసుకుంటేనే బేస్ నిలుస్తుంది, సందు ఉంటే కారిపోతుంది. డబ్బాలో ఊరికే పడున్న పెద్ద సైజు బుడిపె తొడిగాను, రెండు చెవులూ సమమయ్యాయి. అరగంట స్లైడర్లతో కుస్తీ పట్టాక చేసిన ఈ పని మొట్టమొదట చేయాల్సింది. మీరు మాత్రం ముందు బుడిపెలు మార్చి చూసి, తర్వాతే యాప్ తెరవండి.

ఇంక నా బాధ చెప్పుకోనివ్వండి. 'ఎక్స్‌ట్రా బేస్' అని డబ్బా మీద రాసినవాడిని ఓ రోజంతా వీణ కచేరీలో కూర్చోబెట్టాలి. నా లెక్కలో చవక ఇయర్‌ఫోన్స్ జబ్బు సగం 125, 250ల దగ్గరే ఉంది. షాపులో అర నిమిషం వినేవాడిని పడగొట్టడానికి అక్కడ కావాలనే ఉబ్బిస్తారు. ఆ ఉబ్బు ఎక్కడికి పాకుతుందంటే పాడేవాళ్ళ గొంతులోకి. ఎవరు పాడినా జలుబు చేసినట్టే ఉంటుంది. దానిమీద మన కుర్రాళ్ళు 'బెస్ట్ ఈక్యూ సెట్టింగ్' (ఈక్యూ అంటే ఈక్వలైజరే) అని ఒక స్క్రీన్‌షాట్ పంచుకుంటారు. అటు చివర, ఇటు చివర స్లైడర్లు ఆకాశంలో, మధ్యలో గొయ్యి. గొంతు ఉండేది ఆ గోతిలోనే కదా నాయనా! పైగా ఫోన్‌లో ధ్వనిని మార్చే డాల్బీ ఆన్, పాటల యాప్‌లో ఇంకో ఈక్వలైజర్ ఆన్. ముగ్గురు వంటవాళ్ళూ ఒకే చారులో ఉప్పు వేస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. ఒకటే ఉంచి మిగతావి ఆపేయండి.

ఇంకొకరి సెట్టింగ్ ఎందుకు పనికిరాదో కూడా ఆ వారంలోనే తెలిసింది. తాతకి బాగున్న సెట్టింగ్‌లో 8000 దగ్గర నాకు చెవిలో సూదులు గుచ్చినట్టుంది. వయసు పెరిగేకొద్దీ ముందు పోయేవి సన్నటి పై ధ్వనులే, ఆయనకి ఆ సూదులు అందడం లేదు. ఆయన పేరుతో ఒకటి, అందులోనే 8000ని మూడు దించి నా పేరుతో ఒకటి దాచాను. వాల్యూమ్ సంగతీ అంతే. చిన్నగా వింటే బేస్ ఉన్నదానికంటే తక్కువ వినిపిస్తుందని 1933లోనే ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు పరిశోధకులు కొలిచి చూపించారు. రోజూ ఎంత వాల్యూమ్‌లో వింటారో అంతలోనే పెట్టి సరిచేసుకోవాలి, షాపు కుర్రాడిలా ఫుల్‌లో కాదు.

మోడల్ పేరు ఎంచుకుంటే సెట్టింగ్ ఇచ్చే ఆటోఈక్యూ లాంటివి ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి, బాగుంటాయి, ఎవరో ల్యాబ్ పరికరం పెట్టి కొలిచిన మోడల్స్‌కి. గంటస్తంభం దగ్గర కొన్న 350 రూపాయల సరుకుని ఎవరు కొలుస్తారండీ? దానికి మా తాతే పరికరం.

కట్టు విప్పాక ఆయన బొబ్బిలి వెళ్ళిపోతూ ఇయర్‌ఫోన్స్ అడిగి మరీ పట్టుకెళ్ళాడు. నేనూ సంతోషంగా ఇచ్చేశాను. మర్నాడు పొద్దున్నే ఫోన్.

"ఒరే, రవ్వ మళ్ళీ వచ్చీసిందిరా!"

ఈక్వలైజర్ ఉండేది ఇయర్‌ఫోన్స్‌లో కాదు, ఫోన్‌లో. అది నా ఫోన్‌లోనే ఉండిపోయింది. ఆయన ఫోన్‌లో యాప్ వేయడానికి ఆ ఆదివారం బొబ్బిలి బస్సెక్కాను.