తెల్లగోడ మాసినట్లు రాకుండా

ప్రశ్న: అరిజోనాలో, టూసాన్ దగ్గరున్న శాన్ హవియర్ డెల్ బాక్ మిషన్‌లో (పాత క్యాథలిక్ చర్చిలో) జరిగే ఫొటోగ్రఫీ వర్క్‌షాపుకు పదిమందితో కలిసి వెళ్తున్నాను. ఇదివరకు అక్కడ తీసిన ఫొటోల్లో తెల్లని గోడలు మాసిన బట్టల్లా వచ్చాయి. పైగా అందరం ఒకేచోట నిలబడితే ఫొటోలన్నీ ఒకేలా ఉంటాయేమో. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, ఫీనిక్స్

జవాబు: గోడలు అలా రావడానికి కారణం కెమెరాలో వెలుతురును కొలిచే మీటరు. ఎదుట ఉన్నది ఏదైనా నడిమి బూడిద రంగేనని అది లెక్కగడుతుంది కనుక, ఫ్రేము నిండా తెల్లగోడ ఉంటే వెలుతురును తగ్గించేస్తుంది. ఎక్స్‌పోజర్ కంపెన్సేషన్‌ను (మీటరు లెక్కను మనం సవరించే అమరికను) సుమారు ఒక స్టాప్, అంటే వెలుతురు రెట్టింపయ్యేలా పెంచి, హిస్టోగ్రామ్ (ఫొటోలోని వెలుగునీడల గ్రాఫ్) బాగా వెలుగున్న వైపైన కుడి అంచుకు గుద్దుకోకుండా చూసుకోండి.

ఫ్రాన్సిస్కన్ అనే క్యాథలిక్ సంఘపు గురువుల ఆధ్వర్యంలో 1783–1797 మధ్య కట్టిన ఈ చర్చి దక్షిణాభిముఖంగా ఉంటుంది. చలికాలంలో సూర్యుడు దక్షిణాన కిందుగా తిరుగుతాడు కాబట్టి ముఖభాగం మీద పగలంతా ఎండ ఉంటుంది గానీ, మధ్యాహ్నం ఎదురుగా పడే వెలుగులో ద్వారం చుట్టూ ఉన్న నగిషీలు చదునుగా కనిపిస్తాయి. ఉదయమో సాయంత్రమో పక్కనుంచి వాలే ఎండలోనే వాటి లోతు తేలుతుంది. ఆ వేళ దూరాన ఉన్నవాటిని దగ్గరగా చూపే టెలిఫొటో లెన్స్‌తో ముఖభాగం పైన ఒక పక్కన పిల్లి బొమ్మను, మరో పక్కన ఎలుక బొమ్మను వెతకండి. పిల్లి ఎలుకను పట్టుకున్న రోజున ప్రళయం వస్తుందని అక్కడ చెప్పుకుంటారు.

బృందంలో చాలామంది ముంగిట్లో దగ్గరగా నిలబడి ఎక్కువ వెడల్పు పట్టే వైడ్ లెన్స్‌ను పైకెత్తుతారు, దాంతో గోపురాలు వెనక్కి ఒరిగిపోయినట్లు వస్తాయి. మీరు బాగా వెనక్కి జరిగి, కెమెరాను నిటారుగా ఉంచి తీయండి. తూర్పు గోపురానికి పైడోము ఎన్నడూ కట్టలేదు; ఆ వెలితే ఈ కట్టడానికి అందమని నా అభిప్రాయం. తూర్పున ఉన్న చిన్న గుట్ట ఎక్కితే చర్చిని ఎత్తునుంచి పక్కగా చూపించవచ్చు; అక్కడికి పదిమందీ ఒకేసారి రారు.

ఇది నేటికీ ప్రార్థనలు జరిగే చర్చి, పైగా టొహోనో ఓఓధమ్ అనే అమెరికా ఆదివాసీ జాతివారి నేల మీద ఉంది. స్థానికుల ఫొటోలు అడగకుండా తీయవద్దు, ప్రార్థన వేళ లోపల కెమెరా ఎత్తవద్దు. ఫ్లాష్, ట్రైపాడ్ విషయంలో అక్కడి నియమాలేమిటో నిర్వాహకులను బయలుదేరకముందే అడగండి. ట్రైపాడ్ కుదరకపోతే ఐఎస్‌ఓ (వెలుతురుకు కెమెరా సున్నితత్వం) పెంచి, మోచేతులు ఒంటికి ఆనించి తీయవలసి ఉంటుంది.