పాత టూడీ గేమ్‌ని త్రీడీలోకి తెస్తున్న అబ్బాయికి

చిరంజీవికి బాబాయ్ ఆశీస్సులు.

అంత పేరున్న టూడీ సిరీస్‌ని త్రీడీలో చేసే పని నీకు అప్పగించారని తెలిసి చాలా సంతోషించాను. టెన్షన్‌గా ఉందన్నావు. చిన్నప్పటి నుంచి జనం ప్రేమించిన గేమ్ మరి, ఉండకుండా ఎలా ఉంటుంది?

పాత లెవెళ్లన్నీ ముందు త్రీడీలో కట్టేస్తానని రాశావు. ఆ పని ఇప్పుడే మొదలుపెట్టకు నాన్నా. పాత గేమ్ మళ్లీ ఆడుతూ, చేతులకి అలవాటైన కదలికలు కాగితం మీద రాసుకో. బటన్ కాసేపు ఎక్కువ నొక్కితే హీరో ఎంత ఎత్తు లేస్తున్నాడు, పరుగు ఆపితే ఎంత దూరం జారుతున్నాడు, గాల్లో ఉండగా వెనక్కి మళ్లగలుగుతున్నాడా? అవే ఆ సిరీస్‌కి ప్రాణం. వాటిని ఖాళీ గదిలో ఒక్క బొమ్మతో సాధించు. 1996లో వచ్చిన సూపర్ మారియో 64 కోసం మారియో సృష్టికర్త మియమోటో బృందం మొదట్లో చేసింది కూడా ఇంచుమించు ఇదే: చిన్న గదిలో మారియో ఒక కుందేలు వెంట పడటం. ఆ కుందేలు చివరికి గేమ్‌లో కోట కింద నేలమాళిగలో చోటు సంపాదించుకుంది. ఆట మొదలయ్యే కోట ముంగిట్లో శత్రువులే ఉండరు. ఊరికే ఎగిరి, దొర్లి, చెట్టెక్కి చూసుకోవచ్చు.

అన్నిటికన్నా నిన్ను ఏడిపించేది లోతు. పక్క నుంచి చూసే గేమ్‌లో గుంత ఎంత వెడల్పో కళ్లెదుటే ఉంటుంది. అదే గుంతని క్యారెక్టర్ వెనక నుంచి చూస్తే, అవతలి అంచు ఎంత దూరంలో ఉందో ఎవరూ సరిగ్గా చెప్పలేరు. అందుకే క్యారెక్టర్ కాళ్ల కింద నిట్టనిలువుగా ఒక గుండ్రటి నీడ పెట్టు. సూర్యుడు ఎటున్నా అది కిందే పడాలి. లైటింగ్ చూసేవాళ్లు ఒప్పుకోరు, అయినా వదలకు. గాల్లో ఉన్నవాడు ఎక్కడ దిగుతాడో చెప్పేది ఆ నీడే. ప్లాట్‌ఫామ్‌లు కూడా పాతవాటికన్నా వెడల్పు చెయ్యి. ఇప్పుడు గురి ముందుకీ వెనక్కే కాదు, పక్కలకీ తప్పుతుంది. 2022లో వచ్చిన కిర్బీ త్రీడీ గేమ్‌లో, మన దెబ్బ శత్రువుకి తగిలినట్టు కెమెరాలో కనిపిస్తే చాలు, తగిలినట్టే లెక్క. కాలు పూర్తిగా నేలకి ఆనకముందే బటన్ నొక్కినా మళ్లీ ఎగరనిస్తుంది. ప్లేయర్‌కి అన్యాయం జరిగిందనిపించకుండా చేసిన ఆ పని నాకు చాలా గొప్పగా అనిపిస్తుంది.

కెమెరా గురించి ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తాను. క్యారెక్టర్ గాల్లో ఉన్నప్పుడు కెమెరా దానంతట అది తిరగకూడదు. కంట్రోలర్ మీది స్టిక్‌ని ముందుకి తోస్తే కెమెరా చూసే వైపుకే కదా వెళ్లేది! సగం జంప్‌లో కెమెరా పక్కకి తిరిగిందంటే, వేలు కదలకుండానే దిశ మారిపోయి వాడు గుంతలో పడతాడు. అప్పుడు ఆడేవాడికి వచ్చే కోపంలో న్యాయం ఉంది.

వేగం మీద నడిచే సిరీస్ అయితే ఇంకో చిక్కు. 1998 నాటి సోనిక్ అడ్వెంచర్ చూడు. అంత వేగంలో మలుపులు తిప్పుకోవడం కష్టం కాబట్టి చాలాచోట్ల గేమే సోనిక్‌ని దారిలో పెట్టి నెట్టేస్తుంది. చూడ్డానికి బాగుంటుంది, కానీ ఆ కాసేపూ ఆడేవాడికి పనుండదు. నీకు ఎంతవరకు సమ్మతమో ముందే తేల్చుకో.

పాతవాటిలో ఏది వదిలెయ్యాలని అడిగావు. అది సిరీస్‌ని బట్టి ఉంటుంది. మారియో 64 పాత మారియోలో లెవెల్ చివర ఉండే జెండా కర్రనీ, టైమ్ లిమిట్‌నీ వదిలేసి, ఒకే లెవెల్‌లో రకరకాల పనులు పెట్టింది. 2011లో సూపర్ మారియో 3డీ ల్యాండ్ ఆ రెంటినీ వెనక్కి తెచ్చి, దారిని మళ్లీ ఇరుకు చేసింది. రెండూ నెగ్గాయి. 2002లో మెట్రాయిడ్ ప్రైమ్ ఏకంగా హీరోయిన్ కళ్లలోంచే చూపించింది. అయినా కొత్త శక్తి దొరికాక పాత తలుపు దగ్గరికి తిరిగొచ్చి తెరిచే ఆనందాన్ని మాత్రం వదల్లేదు.

బొమ్మలూ సంగీతం సంగతి తర్వాత, వాటికి మనుషులున్నారు. ముందు బూడిదరంగు డబ్బాలతో ఒక గుంత, ఒక మెట్టు, కదిలే పలక పెట్టి, త్రీడీ గేమ్ ఎప్పుడూ ఆడనివాళ్లకి కంట్రోలర్ ఇవ్వు. నువ్వు పక్కన కూర్చో, నోరు విప్పకు. ఎక్కడ పడ్డారో రాసుకో, పడ్డాక ఎవరిని తిట్టారో అదీ రాసుకో. ఆ కాగితాలు, బిల్డ్ (అప్పటిదాకా తయారైన గేమ్) రెండూ పంపు. కూర్చుని చూద్దాం.

మీ బాబాయ్