దిగడానికి వేరే డబ్బులా? విదేశీ యాత్రలపై మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే సంగతి అడిగాయి: పరాయి దేశంలో డబ్బు ఎక్కడెక్కడ జారిపోతుంది, ఎలా కాపాడుకోవాలి అని. అందరికీ పనికొచ్చేవి ఏరి జవాబులిస్తున్నాం. ధరలు మారుతుంటాయి కాబట్టి బయల్దేరే ముందు ఒకసారి సరిచూసుకోండి.

ప్రశ్న: యూరప్‌లో కార్డు పెడితే మెషీన్ ‘మీ దేశపు కరెన్సీలో కడతారా, ఇక్కడి కరెన్సీలోనా?’ అని అడుగుతోంది. మన డబ్బులో ఎంతవుతుందో అప్పుడే తెలుస్తుంది కదా అని నేను మొదటిదే నొక్కుతున్నాను. నష్టమేమైనా ఉందా అండీ?

జవాబు: ఉందండీ. మీ దేశపు కరెన్సీ నొక్కితే మారకం రేటు వేసేది మీ బ్యాంకు కాదు, ఆ మెషీన్ వెనకున్న కంపెనీ. దీన్ని డైనమిక్ కరెన్సీ కన్వర్షన్ అంటారు. వాళ్ల లాభం ఆ రేటులోనే కలిసి ఉంటుంది. అది చాలదన్నట్టు కొన్ని బ్యాంకులు విదేశీ లావాదేవీ రుసుము కూడా వేస్తాయి. కాబట్టి పారిస్‌లో యూరో, ప్రాగ్‌లో కొరునా, బ్యాంకాక్‌లో బాత్. ఏ దేశంలో ఉంటే ఆ దేశపు కరెన్సీయే నొక్కండి. కొన్నిచోట్ల కౌంటర్లో ఉన్నవాళ్లే మిమ్మల్ని అడక్కుండా మీ కరెన్సీ నొక్కేసి మెషీన్ చేతికిస్తారు. పిన్ కొట్టేముందు అంకె పక్కన ఏ కరెన్సీ ఉందో చూడండి. వేరేది కనిపిస్తే రద్దు చేసి మళ్లీ కొట్టమనండి. పిన్ కొట్టేశాక వాదించి లాభం ఉండదు.

ఏటీఎంలో ఇదే ప్రశ్న ఇంకాస్త తెలివిగా వస్తుంది. ఎంత కావాలో చెప్పాక తెరమీద వాళ్ల రేటు కనిపిస్తుంది. కింద ‘అంగీకరిస్తున్నాను’ అని ఆకుపచ్చగా పెద్ద బటన్, పక్కన ‘తిరస్కరిస్తున్నాను’ అనో ‘కన్వర్షన్ లేకుండా కొనసాగించు’ అనో చిన్న అక్షరాలు. తిరస్కరిస్తే డబ్బే రాదేమోనని చాలామంది భయపడి పచ్చది నొక్కేస్తారు. మీరు తిరస్కరించేది వాళ్ల రేటుని మాత్రమే. డబ్బు మామూలుగానే వస్తుంది, రేటు మీ బ్యాంకు వేస్తుంది. యూరోపియన్ యూనియన్‌లో అయితే, తమ మారకం యూరోపియన్ సెంట్రల్ బ్యాంకు రేటు కంటే ఎంత శాతం భారమో చూపించాలన్న నిబంధన ఉంది. ఆ శాతం ఒక్కసారి చదివితే ఇక జన్మలో పచ్చ బటన్ నొక్కరు.

ఏటీఎం రుసుము వేరు. అది సాధారణంగా తీసిన ప్రతిసారీ ఇంత అని పడుతుంది. కొంచెం కొంచెంగా నాలుగుసార్లు తీసే బదులు ఒక్కసారే తీయండి. బ్యాంకు గోడకే ఉన్న మెషీన్ మేలు, కార్డు మింగితే లోపలికెళ్లి అడగడానికి మనిషి ఉంటాడు.

ప్రశ్న: ప్రాగ్‌లో ‘కమీషన్ సున్నా’ అని బోర్డు చూసి డబ్బు మార్చుకున్నాం. లెక్క చూస్తే బాగా తక్కువొచ్చింది. ఇందులో కిటుకు ఏమిటి?

జవాబు: కమీషన్ సున్నాయే, రేటే దారుణం. బోర్డు మీద కొనే రేటు, అమ్మే రేటు అని రెండుంటాయి. మీరు యూరోలిచ్చి కొరునాలు తీసుకుంటుంటే మీకు వర్తించేది వాళ్లు యూరోలు కొనే రేటు. పెద్ద అక్షరాల్లో కనిపించేది రెండోది. బ్యాంకు రేటు యూరోకి 25 కొరునాలున్న రోజున 20 ఇచ్చే కౌంటర్లో 100 యూరోలు మారిస్తే 500 కొరునాలు అక్కడే పోయినట్టు. అందుకే బోర్డు చదవడం మానేసి ఒక్క మాట అడగండి: ‘ఈ 100 యూరోలిస్తే నా చేతికి ఎన్ని కొరునాలు వస్తాయి?’ కాగితం మీద అంకె వేయించుకున్నాకే నోటు చేయి దాటాలి.

అక్కడ మీకో మంచి హక్కుంది. 2019 ఏప్రిల్ నుంచి, ప్రాగ్ ఉన్న చెక్ రిపబ్లిక్ దేశపు చట్టం ప్రకారం 1,000 యూరోల విలువ దాకా మార్చిన డబ్బును మూడు గంటల్లోపు వెనక్కి ఇచ్చేసి లావాదేవీ రద్దు చేసుకోవచ్చు. కారణం చెప్పనక్కర్లేదు. రసీదు పట్టుకుని అదే కౌంటర్‌కి వెళ్లాలి, అంతే. వీధిలో ఎదురొచ్చి ‘మంచి రేటు ఇస్తా’ అనేవాడి దగ్గర ఈ రక్షణ ఏదీ ఉండదు. వాడిచ్చే నోట్లు చాలాసార్లు కొరునాలే కావు. అంకె పెద్దదీ విలువ తక్కువదీ అయిన హంగరీ ఫోరింట్లనో, చెలామణీలో లేని పాత బెలారస్ రూబుళ్లనో అంటగడతారు.

ప్రశ్న: బ్యాంకాక్ వెళ్తున్నాం. గ్రాండ్ ప్యాలెస్ దగ్గర జాగ్రత్త అని అందరూ అంటున్నారు. అసలు ఏం జరుగుతుంది?

జవాబు: గోడవెంట గేటు వెతుక్కుంటూ నడుస్తుంటే, ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒకాయన మర్యాదగా పలకరిస్తాడు. మెడలో ఏదో కార్డు కూడా ఉండొచ్చు. ‘ఈ పూట ప్యాలెస్ మూశారు, లోపల పూజలు జరుగుతున్నాయి, మధ్యాహ్నం తెరుస్తారు. ఈలోపు మూడు గుళ్లు చూసి రండి’ అంటాడు. అప్పుడే అక్కడికి ఓ టుక్‌టుక్ (అక్కడి ఆటో) వస్తుంది. రెండు మూడు గంటలు తిప్పడానికి దాని డ్రైవరు 20, 40 బాత్‌లే అడుగుతాడు. పెట్రోలు ఖర్చుకే సరిపోని కిరాయి అది. మరి వాడికి మిగిలేది ఎక్కడినుంచి? దారిలో ఆపే నగల దుకాణం నుంచి, దర్జీ కొట్టు నుంచి. గుడిలో ‘అనుకోకుండా’ కలిసిన ఇంకొకాయన, ‘రత్నాల మీద ప్రభుత్వం పన్ను తీసేసింది, ఇవాళే ఆఖరు రోజు, మీ దేశంలో రెట్టింపుకు అమ్ముకోవచ్చు’ అని చెబుతాడు. ఇద్దరు ముగ్గురు ఒకరినొకరు ఎరగనట్టే ఒకే మాట చెప్పేసరికి నమ్మకం కుదురుతుంది. కొన్న రాళ్లు నిజమైనవే కావచ్చు, ధర మాత్రం అసలు విలువకు ఎన్నో రెట్లు. తిరిగిచ్చేద్దామన్నా పూర్తి డబ్బు రాదు.

ప్యాలెస్ మామూలుగా రోజూ ఉదయం 8:30 నుంచి మధ్యాహ్నం 3:30 దాకా తెరిచే ఉంటుంది. రాజ కార్యక్రమాలున్న రోజుల్లో కొంత భాగం మూస్తారు, ఆ సంగతి ప్యాలెస్ అధికారిక వెబ్‌సైట్‌లో ఉంటుంది. విదేశీయులకు టికెట్ 500 బాత్‌లు. ఎవరేం చెప్పినా టికెట్ కౌంటర్ దాకా నడిచి కళ్లారా చూడండి. మోకాళ్లు, భుజాలు కప్పే బట్టలు వేసుకోండి, లేకపోతే బయట బట్టలు అంటగట్టేవాళ్లకు దొరికిపోతారు. నది అవతలి ఒడ్డున ఉన్న వాట్ అరుణ్ గుడికి వెళ్లాలంటే థా తియన్ రేవు నుంచి ఫెర్రీకి నామమాత్రపు టికెట్టే. ‘ఫెర్రీ లేదు, నా పడవలో రండి’ అన్నవాడిని దాటుకుని లోపలికెళ్తే టికెట్ గూడు కనిపిస్తుంది.

సువర్ణభూమి ఎయిర్‌పోర్టులో టాక్సీ వరస దగ్గర మెషీన్ ఇచ్చే చీటీ డ్రైవరు అడిగినా ఇవ్వకండి. ఫిర్యాదు చేయాల్సి వస్తే ఆ కారు వివరాలున్న ఆధారం అదొక్కటే. మీటరు మీద 50 బాత్‌ల ఎయిర్‌పోర్టు రుసుము, టోల్ గేటు డబ్బులు అదనంగా ఇవ్వడం సరైనదే. మీటరు వేయనంటే దిగిపోండి. టూరిస్టు పోలీసు నంబరు 1155.

ప్రశ్న: రోమ్‌లో మెనూలో చేప 8 యూరోలని చూసి చెప్పాం. బిల్లులో దానికే 72 పడింది. ఇది మోసం కాదా?

జవాబు: మెనూ మళ్లీ చూస్తే ఆ 8 పక్కన ‘అల్లెత్తో’ అనో ‘ఎత్తో’ అనో, లేదా ‘100 గ్రా.’ అనో సన్నగా రాసి ఉండొచ్చు. ఇటలీలో ఎత్తో అంటే 100 గ్రాములు. 900 గ్రాముల చేపకు తొమ్మిది ఎనిమిదులు 72, మీ బిల్లు సరిగ్గా అదే. చట్టం దృష్టిలో ఇది చాలావరకు మోసం కిందికి రాదు, ధర రాసే ఉంది కాబట్టి. అసలు తప్పు జరిగేది వెయిటరు ‘ఈరోజు తాజా చేప ఉంది’ అని పళ్లెంలో చూపించి, బరువు మాట ఎత్తకుండా వంటింట్లోకి తీసుకుపోయినప్పుడు. వండక ముందే తూకం వేయించి, మొత్తం ఎంతవుతుందో అడగండి. అలా అడగడం అక్కడ అమర్యాదేమీ కాదు.

ఇటలీలోని ఇతర ఊళ్లలో బిల్లులో ‘కొపెర్తో’ అని మనిషికి ఇంతని కనిపిస్తే అది బల్ల దగ్గర కూర్చున్నందుకు పడే రుసుము, మెనూలో రాసి ఉండాలి. రాసి లేకపోతే తీసేయమనండి. కాఫీ నిలబడి కౌంటర్ దగ్గర తాగితే ఒక ధర, కూర్చుంటే ఇంకొకటి. ఫ్రాన్స్‌లో మాత్రం ధరలోనే సర్వీసు కలిసి ఉంటుంది. భోజనానికి కూర్చున్నప్పుడు ‘యున్ కరాఫ్ దో’ అని అడిగితే కుళాయి నీళ్ల జగ్గు ఉచితంగా ఇస్తారు. ఉత్తినే నీళ్లు అంటే మాత్రం సీసా తెచ్చి బిల్లు వేస్తారు.

ప్రశ్న: వెనిస్‌లో గొండోలా ధర మనిషికా, పడవకా?

జవాబు: పడవకే. నగరం నిర్ణయించిన ధర 2023 నవంబరు నుంచి పగలు అరగంటకు 90 యూరోలు, సాయంత్రం ఏడు దాటాక 110. ఐదుగురు దాకా ఎక్కొచ్చు. పాట పాడించుకుంటే వేరే. గొండోలా ఎక్కిన ముచ్చట తీరితే చాలనుకుంటే గ్రాండ్ కెనాల్‌ని అడ్డంగా దాటించే ‘త్రగెత్తో’ అనే పడవ ఉంది. రెండు యూరోలకు రెండు నిమిషాల ప్రయాణం.

ప్రశ్న: గీజా పిరమిడ్ల దగ్గర ఒంటె ఎక్కించాక, దించడానికి వేరే డబ్బు అడుగుతారట. నిజమేనా?

జవాబు: నిజమే. ఒంటె కూర్చుంటేగానీ మీరు దిగలేరు, కూర్చోబెట్టగలిగేది దాని యజమాని ఒక్కడే. అందుకే ఎక్కకముందే నాలుగు సంగతులు తేల్చుకోండి. ధర ఏ కరెన్సీలో? ‘పౌండ్లు’ అంటే ఈజిప్టు పౌండ్లని నోటితో అనిపించండి, తర్వాత బ్రిటిష్ పౌండ్లని మాట మార్చేవాళ్లున్నారు. ధర మనిషికా, ఒంటెకా? ఎంతసేపు, ఎక్కడిదాకా? ఎక్కడం, దిగడం, ఫొటోలు అన్నీ కలిపేనా? ఫోనులో అంకె కొట్టి చూపించి, ఔననిపించుకోండి. డబ్బు మాత్రం కాళ్లు నేలకానాకే, సరిపడా చిల్లరతో. ‘ఊరికే ఎక్కి ఫొటో దిగండి, డబ్బులొద్దు’ అన్నవాడి ఒంటె జోలికి అసలు పోకండి. ధర మాట్లాడుకోని సవారీకి హద్దు ఉండదు.

ప్రశ్న: పారిస్‌లో పిల్లలతో తిరగాలంటే దొంగల భయంగా ఉంది.

జవాబు: భయపడనక్కర్లేదు, అక్కడ జరిగేవి చాలావరకు చేతివాటం పనులే, కొట్టి లాక్కునేవి తక్కువ. సాక్రె కేర్ చర్చి మెట్ల కింద రంగు దారాలు పట్టుకున్నవాళ్లు మీ వేలికో మణికట్టుకో చుట్టి ముడేసి డబ్బడుగుతారు. చేతులు జేబుల్లో పెట్టుకుని ఆగకుండా నడిచిపోండి. అట్ట మీద కాగితం పెట్టి సంతకం అడిగే అమ్మాయిలు గుంపుగా వస్తే, ఆ అట్ట కింద ఇంకో చేయి మీ సంచీలో ఉంటుంది. నేలమీద ఉంగరం ‘దొరికింది, మీదేనా’ అన్నవాడిది ఇత్తడి. మెట్రోలో తలుపు పక్క సీట్లో కూర్చుని ఫోను చూడకండి, తలుపులు మూసుకునే క్షణంలో లాక్కుని దిగిపోతారు. సంచీ వీపున కాక పొట్ట మీదకు తిప్పుకోండి.

షార్ల్ ద గోల్ ఎయిర్‌పోర్టు నుంచి నగరానికి టాక్సీ ధర స్థిరం: 2025 ధరల ప్రకారం సీన్ నదికి ఉత్తరాన కుడి ఒడ్డుకు 56 యూరోలు, ఎడమ ఒడ్డుకు 65. సామానుకు వేరే ఇవ్వనక్కర్లేదు. లోపల హాల్లోనే ‘టాక్సీ, టాక్సీ’ అని వెంటపడేవాళ్లు ఈ ధరకు కట్టుబడరు. బయట అధికారిక వరసలో నిలబడండి.

ప్రశ్న: ఈ-వీసా కోసం వెతికితే చాలా వెబ్‌సైట్లు వస్తున్నాయి. అసలుది ఏదో ఎలా తెలుసుకోవాలి?

జవాబు: వెతికినప్పుడు పైన వచ్చేవి ప్రకటనలు. అవి ప్రభుత్వ రుసుముకు రెండు మూడింతలు వసూలు చేసి, మీరు నింపాల్సిన ఫారమే నింపి పెడతాయి. చిరునామా చివర చూడండి. వియత్నాందైతే ‘ఈవీసా డాట్ గవ్ డాట్ వీఎన్’, టర్కీదైతే ‘ఈవీసా డాట్ గవ్ డాట్ టీఆర్’. మధ్యలో ఎక్కడో ‘గవ్’ ఉంటే సరిపోదు. వియత్నాం రుసుము ఒకసారి ప్రవేశానికి 25 డాలర్లు, పలుసార్లకు 50. ఇంతకంటే ఎక్కువ అడిగితే అది వేరేవాళ్ల సైట్. పేరు పాస్‌పోర్టు కింది భాగంలో ఉన్న రెండు వరసల యంత్రాక్షరాల్లో ఎలా ఉందో అలాగే కొట్టండి.

ప్రశ్న: బీచుల్లో జెట్‌స్కీ, స్కూటరు, కారు అద్దెకు తీసుకునేటప్పుడు ఏం చూసుకోవాలి?

జవాబు: మొదటిది, పాస్‌పోర్టు తాకట్టు పెట్టొద్దు. నకలు, కొంత నగదు డిపాజిట్ ఇస్తామనండి. ఒప్పుకోకపోతే పక్క కొట్టు చూసుకోండి. పాస్‌పోర్టు వాడి చేతిలో ఉంటే, పాత గీతకు కొత్త బిల్లు వేసినా కట్టక తప్పదు. రెండోది, బండి తీసుకునేముందు యజమాని ఎదుటే చుట్టూ వీడియో తీయండి. జెట్‌స్కీకి అడుగుభాగం కూడా, గొడవలు ఎక్కువగా అక్కడి గీతల గురించే వస్తాయి. కారుకైతే చక్రాల అంచులు, ముందు అద్దం, పైకప్పు, ఇంధనం ముల్లు. తిరిగిచ్చేటప్పుడూ అంతే.

ఇటలీలో కారు నడిపితే ఎర్రటి వలయమున్న ‘జోనా ఆ త్రాఫికో లిమితాతో’ బోర్డు గుర్తుపెట్టుకోండి. ఫ్లోరెన్స్, రోమ్ లాంటి నగరాల పాత పేటల్లోకి అనుమతి లేని కార్లు పోకూడదు. కెమెరా నంబరు పట్టేస్తుంది, జరిమానా నెలల తర్వాత ఇంటికొస్తుంది. మీ వివరాలు పోలీసులకు ఇచ్చినందుకు అద్దె కంపెనీ రుసుము వేరే. హోటల్ ఆ పరిధిలోనే ఉంటే, కారు నంబరు నమోదు చేయించగలరా అని ముందే అడగండి. జపాన్‌లో 1949 నాటి జెనీవా రోడ్డు రవాణా ఒప్పందం ప్రకారం ఇచ్చిన అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్లే చెల్లుతాయి, 1968 వియన్నా రకంవి చెల్లవు. సరైన లైసెన్సు లేకుండా స్కూటరు నడిపి పడితే చాలా ప్రయాణ బీమా కంపెనీలు ఆసుపత్రి ఖర్చు ఇవ్వవు.

ప్రశ్న: అన్నీ చూసుకున్నా మోసపోతే?

జవాబు: కార్డు పోతే ముందు బ్యాంకు యాప్‌లో దాన్ని ఆపేయండి, ఫిర్యాదు తర్వాత. వస్తువు పోతే అదే రోజు స్థానిక పోలీసుల దగ్గర రాతపూర్వక ఫిర్యాదు చేసి నకలు తెచ్చుకోండి, అది లేకుండా బీమా డబ్బు రావడం కష్టం. కార్డుతో కట్టిన దానికి ఎక్కువ లాగేస్తే రసీదు, మెనూ లేదా ధరల పట్టిక ఫొటో జతచేసి బ్యాంకును ఛార్జ్‌బ్యాక్ (కట్టిన డబ్బు వెనక్కి రప్పించడం) అడగండి. గడువు ఉంటుంది కాబట్టి తిరిగొచ్చాక చూద్దామనుకోవద్దు, హోటల్ గదిలో కూర్చుని ఆ రాత్రే పంపేయండి. పాస్‌పోర్టు మొదటి పేజీ, వీసా నకళ్లు కాగితం మీద ఒకటి, ఈమెయిల్లో ఒకటి ఉంటే ఎంబసీలో పని తొందరగా అవుతుంది.