డ్రమ్మర్ పుణే వెళ్తున్నాడని బ్యాండ్ మూసేస్తావా?

చిన్నా,

మొన్న నువ్వు ఫోన్ చేసినప్పుడు సరిగ్గా మాట్లాడలేకపోయాను, పక్క వీధిలో పెళ్లి బ్యాండు మోగుతోంది (అదీ బ్యాండే, మన రాక్ వాళ్లకన్నా టైముకి డబ్బులొచ్చే బ్యాండు). అందుకే రాస్తున్నా. మీ డ్రమ్మర్‌కి పుణేలో ఉద్యోగం వచ్చింది, నాలుగేళ్లయినా ఒక్క పాటా పేలలేదు, ఇక ఆపేద్దామనుకుంటున్నారు. అంతేగా?

ఇండియన్ ఓషన్ పేరెత్తితే చాలు మీ పిన్ని లేచి వంటింట్లోకి వెళ్లిపోతుంది, అన్నిసార్లు చెప్పాను. నువ్వు మాత్రం ఇంకోసారి విను. ఢిల్లీలో 1990లో మొదలైన బ్యాండ్ అది. సుస్మిత్ సేన్ గిటార్, అసీమ్ చక్రవర్తి తబలా, పాట. 1991లో రాహుల్ రామ్ బేస్ గిటార్‌తో వచ్చి చేరాడు, అమెరికాలో కార్నెల్ యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేసి నర్మదా బచావో ఆందోళనలో పనిచేసిన మనిషి. 1994లో డ్రమ్స్‌కి అమిత్ కిలామ్. మొదటి ఆల్బమ్ 1993లో వచ్చింది. తర్వాతది 'డెజర్ట్ రెయిన్' 1997లో, అదీ స్టూడియోలో చేసింది కాదు, ఒక షోలో వాయించిన లైవ్ రికార్డింగ్. నలుగురి నోళ్లలో పడ్డ 'కందీసా' వచ్చేసరికి 2000. పదేళ్లురా! మీవి నాలుగు.

మా సికింద్రాబాద్ బ్యాండ్ ఎన్నాళ్లు నడిచిందో నీకు తెలుసుగా. మూడేళ్లు. మీ నాన్న అందరికీ చెప్పేది "ఉద్యోగాలొచ్చాయి, విడిపోయారు" అని. అబద్ధం. ఒక క్లబ్‌లో న్యూ ఇయర్ షో చేశాం, అడ్వాన్స్ ఆరు వేలు నా చేతికే ఇచ్చారు, అందులో నుంచి నేను అడక్కుండానే నా గిటార్‌కి పికప్ (తీగల కదలికని కరెంటు సిగ్నల్‌గా మార్చే ముక్క) మార్పించుకున్నా, బ్యాండ్ కోసమే కదా అనుకున్నా. మిగతా సొమ్ము షో అయ్యాక ఇస్తామన్నవాళ్లు ఎగ్గొట్టారు. ఇక అడ్వాన్స్ లెక్క మొదలైంది. మా కీబోర్డ్ వాడు ఏమీ అనలేదు, మర్నాటి ప్రాక్టీస్‌కి రాలేదంతే. ఆ తర్వాత వాడితో మాట్లాడటానికి నాకు పదకొండేళ్లు పట్టింది.

అందుకని ముందు ఒక నోట్‌బుక్ కొను. ఫోన్‌లో యాప్ వద్దు, అది నీ ఒక్కడి దగ్గరే ఉంటుంది. పుస్తకమైతే ప్రాక్టీస్ రూంలో ఆంప్లిఫయర్ మీద పడి ఉంటుంది, ఎవడైనా తెరిచి చూడొచ్చు. వచ్చిన ప్రతి పేమెంట్, ఆటోకి ఇచ్చినదీ, తెగిన తీగలదీ, అన్నీ రాయండి. ఒక వాటా బ్యాండ్‌కి పక్కన పెట్టి, మిగతాది సమానంగా పంచుకోండి. పాట నీదే కావచ్చు, గొంతు నీదే కావచ్చు, అయినా సమానంగానే. ఇది నా అభిప్రాయం, చాలామంది ఒప్పుకోరు, ఒప్పుకోనివాళ్లవి ఎన్ని బ్యాండ్లు నిలిచాయో నాకైతే లెక్క తెలుసు.

పాటల హక్కుల సంగతి ఇంకోటి. ఐపీఆర్ఎస్‌లో (పాటలు రాసి, కట్టినవాళ్లకి రాయల్టీ వసూలు చేసి పెట్టే సంఘం) సభ్యత్వం తీసుకుని, ఏ పాటలో ఎవరి వాటా ఎంతో రాసుకుని రిజిస్టర్ చేయించండి. పాట ఎవరికీ తెలియనప్పుడే చేయాలి ఈ పని, తెలిశాక అందరికీ జ్ఞాపకశక్తి పెరుగుతుంది.

ఇప్పుడు డ్రమ్మర్. అసీమ్ చక్రవర్తి తబలా వాయిస్తూనే పాడేవాడు, రెండూ ఒక్కసారే. చేతులొక లెక్కలో పోతుంటాయి, గొంతు దాని మీద తీరిగ్గా సాగుతుంటుంది. నువ్వు టేబుల్ మీద దరువేస్తూ పాడి చూడు, రెండో లైన్‌కే తప్పుతావు. అలాంటి మనిషి 2009 డిసెంబర్ 25న గుండెపోటుతో పోయాడు. ఎవరైనా ఆపేసేవాళ్లే. వీళ్లు ఆపలేదు. ఆయన ఒక్కడు చేసిన పనికి ఇద్దరు వచ్చారు, తబలాకి తుహిన్ చక్రవర్తి, పాటకి హిమాంశు జోషి. ఆయన గొంతుతో అప్పటికే రికార్డయిన పాటల్ని 2010లో నెలకొకటి చొప్పున ఊరికే డౌన్‌లోడ్ చేసుకోమని ఇచ్చేశారు. ఆ ఆల్బమ్ పేరేంటో తెలుసా? '16/330 ఖజూర్ రోడ్'. కరోల్‌బాగ్‌లో వాళ్లు ప్రాక్టీస్ చేసుకున్న పాత ఇంటి నంబరు! 2013లో సుస్మిత్ సేన్ కూడా వెళ్లిపోయాడు, మొదలెట్టిన ఇద్దరిలో ఒక్కడూ లేడు. గిటార్‌కి నిఖిల్ రావు వచ్చాడు. 2023లో ఇంకో ఆల్బమ్ వచ్చింది.

మీవాడు పుణేకేగా వెళ్తున్నది. వాణ్ణి కూర్చోబెట్టి పుస్తకం తెరిచి, రావాల్సిన వాటా లెక్కకట్టి చేతిలో పెట్టండి, ఆ రాత్రి బిర్యానీ బ్యాండ్ డబ్బులతోనే. కొత్తవాడొస్తే పాతవాడిలా వాయించమని ప్రాణం తీయకండి. రెండు పాటలు పక్కన పెట్టేయాల్సొస్తుంది, పెట్టేయండి.

రూం మాత్రం వదలొద్దు. పాట రాకపోయినా, షో లేకపోయినా, ముగ్గురే ఉన్నా, వారానికి రెండు సాయంత్రాలు అక్కడ కూర్చోవాలి. ఓనర్‌తో గొడవ డ్రమ్స్ మోత వల్లే కదా, తొమ్మిది దాటాక పుల్లలు పక్కన పెట్టి, మోత తక్కువగా ఉండే డ్రమ్ బ్రష్‌లతో వాయించుకోండి.

చివరిగా ఒక్క మాట పాటల గురించి, కోపం తెచ్చుకోకు. నీ ఇంగ్లిష్ పాటలు బాగానే ఉన్నాయి గానీ విన్నాక ఏదీ గుర్తుండట్లేదు. వాళ్ల 'మా రేవా' నర్మద ఒడ్డు పాట. 'కందీసా' కేరళ సిరియన్ క్రైస్తవులు అరామిక్‌లో పాడుకునే ప్రార్థన. ఎక్కడివో తెచ్చినా, ఆ పాటతో పాటు ఆ ఊరూ వినిపిస్తుంది. మీ అమ్మమ్మ ఊళ్లో ఒగ్గు కథ చెప్పేవాళ్లు ఇంకా ఉన్నారు. వెళ్లి కూర్చో, ఫోన్ బయటికి తీయకుండా రెండు రాత్రులు విను. వాళ్ల దగ్గర ఏదైనా తీసుకుంటే పుస్తకంలో వాళ్లకీ ఒక వాటా రాయాలి, మర్చిపోకు.

ఆదివారం సోల్డరింగ్ గన్ తెస్తాను. మీ బేస్ కేబుల్ జాక్ కదిలితే గరగరమంటోంది, వీడియోలో విన్నాను. కొత్తది కొనకు.

బాబాయ్