మన్వార్‌ను ‘కోట’ అనవచ్చా?

సందేహం: ఫ్రాన్స్‌లోని నార్మండీ పల్లెల మీద ఫ్రెంచి వ్యాసం తెలుగు చేస్తున్నాను. ‘షాటో’, ‘మానోయిర్’ రెండింటికీ ‘కోట’ అని రాశాను. సరేనా? ‘గడి’ నయమా? పావురాలు ఉండే కట్టడం ‘కొలొంబియే’కు మాటేమిటి?

సమాధానం: ముందు ఉచ్చారణ. ‘మానోయిర్’ కాదు, ‘మన్వార్’. లాటిన్ ‘మనేరే’ అంటే ఉండటం. మన ‘ఉండు’లోంచి ‘ఉనికిపట్టు’ వచ్చినట్టే ఇదీ. షాటోకు మూలం ‘కస్తెల్లుమ్’, చిన్నకోట. అయినా ఫ్రెంచి రాజులుండిన వెర్సాయ్ కూడా షాటోయే, అక్కడ ‘రాజప్రాసాదం’ అనాలి. బురుజులున్న అసలు కోటను వాళ్లే ‘షాటో ఫోర్’ అని వేరుచేస్తారు.

మన్వార్ ఊరి భూస్వామి ఇల్లు. చుట్టూ కొట్టాలు, ధాన్యపు కొట్లు. కందకం కనబడగానే కోట అనేయకండి. నార్మండీలోని కూపెసార్త్ మన్వార్‌కు మూడువైపులా నీళ్లే, గోడలు మాత్రం కొయ్యచట్రానివి. ఈ పద్ధతిలో నిలువు, ఏటవాలు కర్రల సందుల్లో బద్దలు కట్టి, గడ్డి కలిపిన మట్టి మెత్తుతారు. దీని పేరు ‘కొలొంబాజ్’. కొలొంబియేలోని పావురానికి, దీనికి సంబంధం లేదు: ఇందులోని ‘కొలొంబ్’ స్తంభానికి పాతమాట. ‘సగం చెక్క గోడ’ అనకుండా ‘కొయ్యచట్రపు మట్టిగోడ’ అనండి.

‘గడి’ అర్థంలో దగ్గరిదే. దొర, భూమి, పెత్తనం అన్నీ అందులో ఉన్నాయి. కానీ ఆ మాట వినగానే పాఠకుడికి తెలంగాణ, వెట్టిచాకిరీ కళ్లముందుకొస్తాయి, నార్మండీ జారిపోతుంది. ‘మండువా లోగిలి’ మరీ తప్పు: మండువా ఇంటి నడుమ ఉంటుంది, మన్వార్ ముంగిలి ఇంటి బయట కట్టడాల మధ్య. మొదటిసారి ‘మన్వార్ అనే భూస్వామి నివాసం’ అని రాసి, తర్వాత మన్వార్ అంటే చాలు.

ఇక కొలొంబియే. అమరకోశంలో పావురాల గూటికి ‘కపోతపాలిక’, ‘విటంకం’ ఉన్నాయి గానీ అవి మేడకు అతికినట్టుండేవి. ఇది ముంగిట్లో విడిగా నిలిచిన గుండ్రటి కట్టడం, కనుక ‘పావురాల బురుజు’ నయం. లోపలి గోడనిండా ఉండే ‘బూలాఁ’లకు ‘గూళ్లు’ అచ్చంగా కుదురుతుంది. పిట్టగూడూ, దీపపు గూడూ మనకు ఒకే మాటగా! నార్మండీ రేవు దియెప్‌కు చెందిన ఓడల వర్తకుడు ఝాఁ ఆంగో 16వ శతాబ్దంలో కట్టించిన మన్వార్‌లో ఇలాంటి గూళ్లు సుమారు 1600. ‘పావురాల పంజరం’ అని మాత్రం రాయకండి. పక్షులు స్వేచ్ఛగా ఎగిరిపోయి రైతుల విత్తనాలు తినేవి. నార్మండీలో ఆ బురుజు కట్టే హక్కు ప్రభువులదే. ఫ్రెంచి విప్లవంలో 1789 ఆగస్టు 4 రాత్రి రద్దు చేసిన హక్కుల్లో ఇదీ ఒకటి.