రాళ్లు జేబులోనే మిగిలిపోయాయి

ప్రశ్న: 1980ల్లో న్యూయార్క్‌లో వచ్చిన ‘సినిమా ఆఫ్ ట్రాన్స్‌గ్రెషన్’ (హద్దులు దాటే సినిమా) సినిమాలు రెండు చూసి, మూడోది సగంలో ఆపేశాను. నెత్తురు, బూతు, కడుపులో తిప్పే సీన్లు. నిజం చెప్పండి, ఇది కళా, ఆకతాయితనమా?

జవాబు: రెండూనండీ. ఆకతాయితనం లేదని వాళ్లూ అనలేదు. ఆ పేరు పెట్టిన దర్శకుడు నిక్ జెడ్ 1985లో తను జిరాక్స్ తీసి పంచే చిన్న పత్రికలో మారుపేరుతో ఒక మేనిఫెస్టో రాశాడు. ఫిల్మ్ స్కూళ్లన్నీ పేల్చెయ్యాలట, బోరు కొట్టే సినిమా ఇక ఒక్కటీ తియ్యకూడదట. అందులో తిట్లు తిన్నది పెద్దమనుషులు మాత్రమే కాదు, యూనివర్సిటీల నీడలో ఎవరికీ అర్థం కాని సినిమాలు తీసి ఒకరినొకరు మెచ్చుకునే ప్రయోగాల వాళ్లు కూడా.

నన్ను అడిగితే అసలు సంగతి కెమెరాలో ఉంది. వీళ్లు ఎక్కువగా వాడింది సూపర్ 8. కొడాక్ 1965లో ఇళ్లలో పిల్లల ఆటపాటలు తీసుకోవడానికి తెచ్చిన ఫిలిం అది. అరచేతిలో పట్టే ప్లాస్టిక్ డబ్బాలో 50 అడుగుల ఫిలిం, సెకనుకు 18 ఫ్రేముల చొప్పున నడిపితే 3 నిమిషాల 20 సెకన్లలో అయిపోతుంది, అప్పుడు కెమెరా తెరిచి ఇంకో డబ్బా పెట్టుకోవాలి. బొమ్మ గరుకుగా, కాస్త వణుకుతూ ఉంటుంది. వాళ్లలో ఒకడైన రిచర్డ్ కెర్న్ తీసిన హింస అంత ఇబ్బంది పెట్టడానికి సగం కారణం ఇదే: ఎవరింట్లోనో పుట్టినరోజు రీలు అనుకుని పెడితే లోపల ఇంకేదో ఉన్నట్టు అనిపిస్తుంది.

వాటిలో సగం నాకూ నచ్చవు, ముఖ్యంగా ఆడవాళ్ల మీద హింస చూపించే తీరు. కానీ అక్కడా చిక్కుంది, గాయని, నటి లిడియా లంచ్ వాటిలో కొన్నిట్లో నటించి ఊరుకోలేదు, రాతలోనూ చెయ్యి వేసింది. కాబట్టి తీర్పు చెప్పెయ్యడం అంత సులువు కాదు.

ప్రశ్న: జనానికి షాక్ ఇవ్వాలనే పిచ్చి వీళ్లతోనే మొదలైందా?

జవాబు: అబ్బే. 1929లో పారిస్‌లో దర్శకుడు లూయీ బున్యుయెల్, చిత్రకారుడు సాల్వడార్ డాలీ కలిసి తీసిన సినిమా మొదట్లోనే ఒక మంగలి కత్తి కంటిని అడ్డంగా కోస్తుంది (తీసింది చచ్చిన దూడ కన్నుతో లెండి). మొదటి ఆటకి జనం మీదపడతారని బున్యుయెల్ జేబుల్లో రాళ్లు నింపుకుని తెర వెనక నిలబడి, గ్రామఫోన్ రికార్డులు మారుస్తూ ఉన్నాడని తనే ఆత్మకథలో చెప్పుకున్నాడు. తీరా చూస్తే చప్పట్లు! రాళ్ల పని పడలేదు. మరుసటి ఏడాది తీసిన సినిమాకి మాత్రం గొడవ నిజంగానే జరిగింది. రైట్‌వింగ్ మూకలు తెర మీద సిరా విసిరారు, పోలీసులు నిషేధించారు.

1964లో న్యూయార్క్‌లో దర్శకుడు జాక్ స్మిత్ సినిమా ఆడుతుంటే పోలీసులు వచ్చి ప్రింటు పట్టుకుపోయారు, ఆ ఆట వేసినందుకు ఇంకో సినిమాకారుడు జోనాస్ మెకాస్‌ని అరెస్టు చేశారు, కేసులో శిక్ష కూడా పడింది. వీళ్ల ధైర్యం వేరు, ఇవాళ కామెంట్ల కోసం బూతు తీసేవాడి ధైర్యం వేరు.

ఇక దర్శకుడు జాన్ వాటర్స్ సంగతి చూడండి. 1972లో బాల్టిమోర్‌లో తీసిన సినిమా చివర్లో నటుడు డివైన్ చేత నిజంగానే కుక్క మలం తినిపించాడు. అదే సినిమాని 2021లో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్, భద్రపరచదగ్గ చిత్రాల జాబితాలో చేర్చుకుంది. వాటర్స్ ఎంత నవ్వుకున్నాడో!

ప్రశ్న: నేనూ ఫోన్‌తో ఒక షార్ట్ ఫిల్మ్ తీశాను. నెత్తురు, అరుపులు, బట్టల్లేని సీను అన్నీ పెట్టాను. పదిమంది ఫ్రెండ్స్‌కి చూపిస్తే ఒక్కడూ ఉలిక్కిపడలేదు, ఒకడైతే మధ్యలో మెసేజ్‌లు చూసుకున్నాడు. ఎక్కడ దెబ్బకొట్టింది?

జవాబు: ఆ నెత్తురు వాళ్లు రోజూ ఫోన్లో చూసేదే, కొత్తగా ఏముంది? ఆ పదిమందీ మీ ముందు మాట మార్చేసే విషయం ఏదో ఒకటి ఉండే ఉంటుంది, అదేమిటో మీకూ తెలుసు. దాని మీద తీయండి, చుక్క నెత్తురు లేకుండా. నటించేవాళ్లకు మాత్రం ఏం తీయబోతున్నారో ముందే చెప్పండి, వద్దంటే ఆపేయండి. అయ్యాక మళ్లీ ఆ పదిమందినే పిలిచి, మెసేజ్‌లు చూసుకున్న అతన్ని ముందు వరసలో కూర్చోబెట్టండి.